పదిహేడో నంబరు గుర్రం

మేడ మీద గది
జూన్ 4

చెల్లాయ్,

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నీ చెక్క గుర్రానికి విరిగిన తోక అతికించి, కొత్త రంగు వేసి ఇస్తానని మాటిచ్చాను. వారం రోజులు నా వెనకే తిరిగావు. ఎనిమిదో రోజు అడగడం మానేశావు. ఆ గుర్రం ఏమైందో గుర్తులేదు కానీ, నువ్వు అడగడం మానేసిన రోజు మాత్రం గుర్తుంది.

డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలాడు ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నాడని నవ్వుకుంటున్నావా? నా బల్ల మీద ఇప్పుడు నలభై రెండు గుర్రాలున్నాయి. ఒక్కోటి చూపుడు వేలంత. తగరంతో పోతపోసినవి. అన్నిటికీ నేనే రంగులు వేయాలి. వాటిలో ఒక్కటీ నీది కాదు.

మా పాత గుర్రపు దళానికి ప్రదర్శనశాల కడుతున్నారు. దాని అధికారిణి పెద్ద కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి. నన్ను వెతుక్కుంటూ మేడ ఎక్కి వచ్చి, "మాస్టారూ, సైన్‌బోర్డులు రాసిన చెయ్యి మీదే, ఆ గుర్రాలకి దాణా పెట్టిన చెయ్యీ మీదే. రెండూ చేసినవాళ్ళు మీరు తప్ప ఎవరూ బతికిలేరు" అంది. అది పొగడ్తో సంతాపమో అర్థం కాక ఒప్పేసుకున్నాను.

ఎనిమిది అడుగుల బల్ల మీద యుద్ధరంగం మొత్తం పెడతారట. కొండలకి ఇనప జల్లెడ మీద సున్నపు పిండి. గడ్డికి రంగు కలిపిన రంపపు పొట్టు. నదికి జిగురు పొరలు పొరలుగా పోసి ఆరబెడుతున్నారు. కెప్టెన్ బొమ్మకి మీసం కాస్త పెద్దది పెట్టమని కమిటీ వాళ్ళు కబురు పంపారు. పెట్టాను. బతికుండగా కూడా ఆయన దగ్గర పెద్దదంటూ ఉన్నది అదొక్కటే.

ఫోను చెయ్యకు. నా చెవిలో నీ గొంతు ఈగ ముసిరినట్టు ఉంటుంది. ఉత్తరమే రాయి. బస్సుల్లో దొరికాయని బావ పంపిన పుస్తకాలు అటక మీద చెదలు తింటున్నాయి. ముందు నేను తిన్నాను, ఇప్పుడు వాటి వంతు.

ఏ రోజు యుద్ధమో రాయలేదు కదూ. నది దాటిన రోజు.

అన్నయ్య


డిపో వెనక ఇల్లు
జూన్ 15

అన్నయ్యా,

నీ ఉత్తరంలో చివరి మాట చదివి కుట్టు మిషను ఆపేశాను. రోజంతా మళ్ళీ తొక్కలేదు.

యాభై ఆరేళ్ళుగా ఈ విషయం మనిద్దరం నోటితో అనుకోలేదు. ఒక్కసారి కాగితం మీద పెట్టేస్తాను, తప్పుంటే దిద్దు. తెల్ల గుర్రాలు దూరానికి కనపడతాయని, వాటికి బావుల్లో వేసే ఆ ఊదా పొడి నీళ్ళలో కలిపి పూసి, గోధుమ రంగు చేసేవాళ్ళు. మా ఆయన రౌతు. ఆయనకిచ్చింది పదిహేడో నంబరు, తెల్ల ఆడగుర్రం. దాని తెలుపంటే ఆయనకి మురిపెం. అందుకని రంగు కడిగేశారు. తెల్లారుజామున నది మధ్యలో అది పాలలా బయటపడింది. అవతలి కొండ మీంచి కాల్చారు. నలుగురు పోయారు. ఈయన్ని దళం నుంచి వెళ్ళగొట్టారు. అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలు.

అంతేగా? విచారణలో నువ్వూ సాక్షివే కదా, నీకు నేను చెప్పడమేంటి!

నువ్వు ఒకటి చెయ్యాలి. ఆ బొమ్మని తెల్లగా వెయ్యకు. మిగతావాటితో కలిసిపోయేలా గోధుమ రంగే ఉంచెయ్. నా మనవరాల్ని ఆ ప్రదర్శనకి బడివాళ్ళు తీసుకొస్తారట. తాతయ్య బస్సు డిపోలో పనిచేశాడనే దానికి చెప్పాం. ఆయన పోయి మూడేళ్ళైంది. పోయాక కూడా గాజు పెట్టెలో నిలబెట్టి చూపించాలా? నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ చెక్క గుర్రం తర్వాత.

నీ చెల్లెలు


మేడ మీద గది
జూలై 2

చెల్లాయ్,

నువ్వు అడిగినట్టే గోధుమ రంగు వేశాను. ఎంత తేలిగ్గా అయిపోయిందో రాయడానికి సిగ్గేస్తోంది.

పని ఎలా ఉంటుందో చెబుతాను విను. ముందు ఒంటినిండా ముదురు రంగు పొర. అది ఆరాక, కుంచెని గుడ్డకి తుడిచి తుడిచి, దాదాపు ఏమీ లేకుండా చేసి, పైపైన రాస్తే కండరాలు లేస్తాయి. కళ్ళకి తెల్ల చుక్క పెట్టకూడదు. ఈ బొమ్మలు వేసేవాళ్ళలో సగం మంది అదే తప్పు చేస్తారు. గుర్రం కంట్లో తెలుపు కనపడిందంటే అది భయపడిందని అర్థం. నది దాటక ముందున్న గుర్రాల్లో దేనికీ తెలుపు పెట్టలేదు.

పదిహేడుని మాత్రం ఒకే పూతతో ముగించాను. ఆరాక చూస్తే లేతగా ఉంది. గోడవైపు తిప్పి పెట్టాను.

తప్పు ఎవరిదంటే చాలామందిది. తెల్లారాక మంచు విడిపోతుందని తెలిసీ నది దాటించిన కెప్టెన్‌ది. ఆ ఊదా పొడిని కుంకుమ కొలిచినట్టు కొలిచి పొట్లాలు కట్టిన స్టోరు గుమస్తాది. వాడు ఒక్కో గుర్రానికి ఇన్ని పొట్లాలని లెక్కపెట్టి, మీద నంబరు వేసి, ముద్రకొట్టి మరీ ఇచ్చేవాడు. చూసి రమ్మని పంపితే చూడకుండానే వచ్చి "కొండ మీద ఎవరూ లేరు సార్" అన్న ఆ మెల్లకన్ను వాడిది. వీళ్ళందరికీ పతకాలు వచ్చాయి. ఇలాంటి విచారణలు పుస్తకాల్లో చాలా చదివాను. అన్నిటిలోనూ చివరికి దొరికేవాడు బల్లకి ఇవతల నిలబడ్డవాడే.

నిన్న కళ్ళజోడు అమ్మాయి వచ్చింది. పదిహేడుని ఇటు తిప్పి, "మాస్టారూ, ఫైల్లో ఇది తెల్లదని ఉంది కదా" అంది.

"నది దాటక ముందు గోధుమ రంగే" అన్నాను.

"మనం చూపించేది నది మధ్యలో కదండీ" అంది.

గాజు పెట్టె ముందు పెట్టే అట్ట కూడా తెచ్చింది. "ఒక రౌతు తన గుర్రాన్ని ఆజ్ఞకు విరుద్ధంగా కడిగినందువల్ల ఈ ప్రాణనష్టం జరిగింది" అని అచ్చు వేయించింది. అక్షరాలు బాగున్నాయి. నేను రాసినా అంత బాగా వచ్చేవి కావు. టీ చల్లారిపోతోంది తాగమన్నాను.

ఒక మాట అడగనా? ఆ రోజులకి సంబంధించి బావ ఏమైనా దాచాడా? కాగితాలో, ఇంకేవైనా? ఊరికే అడుగుతున్నాను. ప్రదర్శనకి పనికొస్తాయేమోనని.

అన్నయ్య


డిపో వెనక ఇల్లు
జూలై 19

అన్నయ్యా,

నువ్వు అడిగావని ఆయన రేకుపెట్టె తీశాను. మూడేళ్ళుగా దాని మీద కుట్టు ముక్కలు పేర్చుకుంటున్నాను తప్ప తెరవలేదు. తెరిస్తే జాలి పుడుతుందని భయం. జాలిపడితే ఇన్నేళ్ళ కోపం ఏం చేసుకోను?

నీకో సంగతి తెలియదు. ఆయన్ని నేను సరిగ్గా చూసుకోలేదు. డిపోలో ఆయన పని బస్సులు కడగడం. ముప్ఫై ఏళ్ళు కడిగారు. సాయంత్రం తడిసిన ప్యాంటుతో ఇంటికొస్తే, "మీకు కడగడం ఒక్కటే బాగా వచ్చు" అనేదాన్ని. ఒకసారి రెండుసార్లు కాదు. కూతురి ముందు, అల్లుడి ముందు. ఆయన కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. దళంలో అందరూ ఆయన్ని సకిలింత అనేవాళ్ళట కదా, నవ్వితే గుర్రాలు కూడా తిరిగి చూసేవని! ఆ నవ్వు నేను విన్నది మూడు నెలలే.

పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. ఒక గుర్రపు నాడా. మా పెళ్ళి ఫోటో. గుడ్డలో చుట్టిన ఒక పాత నవల. అట్ట మీద నీ పేరుంది, నీ చేతిరాతే. నూట పన్నెండో పేజీ మడిచి ఉంది. ఆ పేజీలో రెండు చిన్న పొట్లాలు. వాటి మీద ముద్ర ఉంది. ఒకదాని మీద "17, రెండో పూత". ఇంకోదాని మీద "17, మూడో పూత". రెండూ విప్పనివి.

ఒకటి విప్పాను. తడివేలు ముంచాను. మొదట ఊదాగా అంటుకుంది, కాసేపటికి ముదురు గోధుమ రంగుకి తిరిగింది. బట్టల సబ్బు పెట్టాను, నిమ్మచెక్క తప్ప అన్నీ పెట్టి రుద్దాను. ఇవాళ్టికి నాలుగో రోజు, ఇంకా పోలేదు. ఈ ఉత్తరం రాస్తున్న వేలు అదే.

నేను చదువుకున్నదాన్ని కాదు. కానీ బట్టలు కుట్టేదాన్ని, రంగు ఎప్పుడు దిగుతుందో ఎప్పుడు దిగదో తెలుసు. ఇంత మొండి రంగు మూడు పూతలు పడితే, ఆయన నీళ్ళతో కడిగి ఎలా వదిలించారు అన్నయ్యా?

నీకు తెలిస్తే రాయి.


మేడ మీద గది
ఆగస్టు 11

చెల్లాయ్,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఇంకో గుర్రానికి గిట్టలు వేస్తూ గడిపాను. నూట అరవై ఎనిమిది గిట్టలు పూర్తయ్యాయి. ఇంక వేయడానికేమీ మిగల్లేదు.

ఆయన కడగలేదు.

ఒక్కో గుర్రానికి మూడు సాయంత్రాలు, మూడు పొట్లాలు, మూడు పూతలు. మొదటిది పల్చటి పూత, నీళ్ళకి పోతుంది; మూడూ పడితేనే రంగు నిలిచేది. పదిహేడు నా వంతు. మొదటి సాయంత్రం పూశాను. రెండో సాయంత్రం దాణా బస్తాల మీద కూర్చుని ఆ నవల తెరిచాను. ఒక అధ్యాయం చదివి లేద్దామనుకున్నాను. మంచి నవల కూడా కాదు చెల్లాయ్. ఆ తర్వాత దానికన్నా మంచివి వందలు చదివాను. అది మంచిదై ఉంటే కనీసం దాని మీదైనా నెపం వేసేవాణ్ణి. మూడో సాయంత్రానికి నూట పన్నెండో పేజీలో ఉన్నాను. పొట్లాలు రెండూ పేజీ గుర్తుకి పెట్టుకున్నాను. స్టోరు పుస్తకంలో మూడు పూతలకీ సంతకం పెట్టాను.

బయల్దేరే ముందు బావ వచ్చి గుర్రం మెడ నిమిరి, "ఏమోయ్ బావమరిదీ, పదిహేడు కాస్త లేతగా ఉందేంటి?" అన్నాడు.

"ఎండితే ముదురుతుంది" అన్నాను.

"నువ్వు రంగుల మనిషివి, నీకు తెలియందేముంది" అని ఎక్కి కూర్చున్నాడు. నన్ను నమ్మి ఎక్కాడు.

నది మధ్యకి వెళ్ళేసరికి నీళ్ళు పొట్టకి తగిలిన చోటల్లా తెలుపు. తర్వాత నీకు తెలిసిందే. పోయిన నలుగురిలో బాకా ఊదేవాడు నాకన్నా ఏడాది చిన్న.

విచారణకి ముందు రోజు పొద్దున, నేను దాణా బస్తాల మీద మరిచిపోయిన ఆ నవల పట్టుకుని బావ నా దగ్గరికి వచ్చాడు. పొట్లాలు చూశాడు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "రేపు నువ్వే చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెబితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. మహా అయితే ఆరు నెలలు లోపల పెడతారు" అన్నాడు. చెబుతానన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

కెప్టెన్ నన్నడిగాడు: "ఎన్ని పూతలు?"

"మూడు సార్."

"మరి రంగు ఎలా పోయింది?"

"ఆయన దాన్ని రోజూ కడుగుతాడు సార్. తెల్లగా ఉంటే ముద్దు."

ఈ మాట ఎవరూ నాకు నేర్పలేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. చాలా బాగా వచ్చింది. చదువుకున్నవాడి మాట కదా, అందరూ నమ్మారు.

బావ డిపోలో చేరిన ఏడాది నుంచి, బస్సుల్లో జనం మరిచిపోయిన పుస్తకాలు, ఎవరూ అడక్కపోతే మూట కట్టి నాకు పంపేవాడు. ఏటా ఒక మూట. లోపల చీటీ ఉండేది కాదు. జాలో, ఎగతాళో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. అన్నీ చదివాను. ఒక్కటి కూడా తిప్పి పంపలేదు.

ఇంతకన్నా రాయలేను.


డిపో వెనక ఇల్లు
ఆగస్టు 20

ఈ ఉత్తరానికి పైన ఏం పెట్టాలో తెలియక ఏమీ పెట్టలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను తిడదామని కూర్చుంటే ముందు నా మాటలే గుర్తొస్తున్నాయి. "మీకు కడగడం ఒక్కటే బాగా వచ్చు." యాభై మూడేళ్ళు అన్నాను. పెట్టెలో పొట్లాలు ఉంచుకుని, ఆయన యాభై మూడేళ్ళు విన్నారు. తీసి నా మొహాన కొడితే అయిపోయేది. ఒక్కసారి మాత్రం, కూతురి పెళ్ళప్పుడు, నువ్వు రాలేదని నేను నిన్ను తిడుతుంటే, "మీ అన్నయ్యని ఏమీ అనకు, నీకు పుట్టింటివాళ్ళంటూ ఉన్నది వాడొక్కడే" అన్నారు. నీ తరఫున మాట్లాడుతున్నారని అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది.

నా కోసమే పట్టివ్వకుండా ఉంచారన్నమాట నిన్ను. అది తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది.

ఇప్పుడు విను. ఆ కళ్ళజోడు అమ్మాయికి నువ్వే చెప్పాలి. నేను పొట్లాలు తెచ్చి చూపించగలను. కానీ నేను చెబితే చాడీ అవుతుంది. ఈ మాట ఎవరిదో నీకు తెలుసు.

చెప్పేవరకూ నాకు రాయకు. చెప్పాక ఒక్క ఉత్తరం రాయి. ఇన్నేళ్ళూ కెప్టెన్ని తిట్టావు, గుమస్తాని తిట్టావు, మెల్లకన్ను వాణ్ణి తిట్టావు. అందులో ఒక్క పేరే రాయి. నీ మనసులో ఇప్పటికీ తప్పు ఎవరిదని ఉందో, ఆ ఒక్క పేరు. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది.


ప్రదర్శనశాల, వెనక గది
సెప్టెంబరు 3

చెల్లాయ్,

చెప్పాను.

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మాస్టారూ, ఇది మీరు రాసి సంతకం పెట్టాలి" అంది. పెట్టాను. యాభై ఆరేళ్ళ కింద రెండు సంతకాలు దొంగవి పెట్టిన చెయ్యి, ఈ ఒక్కటి పెట్టేముందు కుంచెని తుడిచినట్టు కలాన్ని తుడుస్తూ ఉండిపోయింది. కమిటీలో ఒక పెద్దమనిషి, "పోయినవాళ్ళు పోయారు, ఇప్పుడెందుకండీ ఈ గొడవ, రంగులు బాగా వేశారు కదా" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే అసహ్యించుకుంటావు. ఆ అమ్మాయి మాత్రం అతని ముందే పాత అట్ట చింపేసింది. కొత్త అట్టలో నా పేరుంది. "గుర్రానికి మూడు పూతలు వేయవలసి ఉండగా ఒక్కటే వేసి" అని మొదలవుతుంది. నీ మనవరాలు చదవవచ్చు.

పదిహేడుకి రంగు మొత్తం గీకి మళ్ళీ వేశాను. ఈసారి మూడు పూతలు, మూడు రోజులు, మధ్యలో ఏమీ చదవలేదు. నీళ్ళ గీతకి కింద తెలుపు. పైన గోధుమ రంగు చారలు చారలుగా కారుతోంది. కంట్లో తెలుపు పెట్టాను. నలభై రెండింటిలో దానికొక్కదానికే. రౌతు మొహం కందిగింజంత కూడా లేదు, అందులో నవ్వు వెయ్యడం నాకు చేతకాలేదు. తలని కాస్త వెనక్కి తిప్పి, ఇవతలి ఒడ్డుని చూస్తున్నట్టు పెట్టాను.

ఇవతలి ఒడ్డున దాణా బస్తాలు పెట్టమన్నారు. బస్తాల మీద ఒక మనిషిని కూడా పెట్టాను. మిగిలిపోయిన సిపాయి బొమ్మని చేతిలోని ఈటె కోసేసి, కూర్చోబెట్టి, ఆవగింజంత కాగితం మడిచి చేతిలో అతికించాను. "వీడెవరండీ, యుద్ధంలో పుస్తకం చదువుతున్నాడు?" అని తుడిచే మనిషి నవ్వింది. అందరూ నవ్వుతారు. నవ్వనీ.

తగరపు గుర్రాల పెట్టెలో ఒక గుర్రం ఎక్కువ వచ్చింది, తోక విరిగినది. అతికించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రంగు వేయలేదు. ఏ రంగు కావాలో నువ్వు చెప్పలేదు కదా. అడిగే మొహం నాకు లేదు.

ఇక నువ్వడిగిన పేరు.

నా పేరే రాస్తానని అనుకుంటున్నావు. అది అట్ట మీద అచ్చయింది, అందరూ చదువుతారు. నువ్వడిగింది నిజం. అబద్ధమాడితే తెలిసిపోతుందన్నావు కాబట్టి, ఇంతకన్నా సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో లేదని తెలిసీ రాస్తున్నాను.

విచారణ గదిలో నేను "మూడు సార్" అన్నప్పుడు ఆయన నాకు మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎడమ జేబు ఉబ్బెత్తుగా ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆ జేబు వంకే చూస్తూ, రోజూ కడుగుతాడన్న ఆ రెండో మాట కూడా అన్నాను. తీస్తాడేమోనని చూశాను. తియ్యాలనే చూశానేమో. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. నన్ను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ చెయ్యి బయటికి వచ్చి ఉంటే నాకు ఆరు నెలలు. ఆరు నెలల తర్వాత నేనూ ఒక మనిషిని. నీ కూతురి పెళ్ళికి వచ్చేవాణ్ణి. ఆయన శవం దగ్గర నిలబడేవాణ్ణి. నువ్వు ఆయన్ని అన్ని మాటలు అని ఉండేదానివి కాదు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఆయన బస్సులు కడగక్కర్లేదు. నన్ను కాపాడి, నన్నూ, నిన్నూ, తననీ ముంచాడు. ఆ పైన పుస్తకాలు పంపాడు.

ఎవరి మీదా ఇంత కోపం నాకు లేదు. కెప్టెన్ మీద లేదు, గుమస్తా మీద లేదు. పొద్దున్నే కుంచె పట్టుకోగానే ఆ జేబే కనిపిస్తుంది. ఎందుకు తియ్యలేదురా అని, వయసులో పెద్దవాడైన బావని, చచ్చిపోయినవాణ్ణి, ఏకవచనంలో తిడతాను.

నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఆ ఒక్కణ్ణే చెల్లాయ్. సకిలింతని.